పాత లా పావోని లివర్ మెషీన్: ఏం చూసి కొనాలి, ఎలా విప్పి బాగుచేసుకోవాలి

పాత లివర్ ఎస్ప్రెసో మెషీన్లో, అంటే పొడవాటి పిడిని చేత్తో నొక్కి కాఫీ తీసే మెషీన్లో, పాడైపోయేది ముఖ్యంగా రబ్బరే. ఇత్తడి అలాగే ఉంటుంది. నలభై ఏళ్ల కిందటి మెషీన్ అయినా సరే, బాయిలర్ పగలకుండా, హీటర్ కాలిపోకుండా ఉంటే చాలు. మిగతాదంతా ఒక సీళ్ల (నీళ్లు కారకుండా ఆపే రబ్బరు రింగుల) సెట్టుతో, కాస్త ఓపికతో దారికొస్తుంది. అందుకే కొనేటప్పుడు లోహాన్ని చూడండి. ఇంటికి తెచ్చాక రబ్బరంతా మార్చేయండి, బాగున్నట్టు కనిపించినదాన్ని కూడా. మెరుపు చూసి మాత్రం కొనకండి. బయట క్రోమ్ తుడవడం పది నిమిషాల పని. లోపల ఏముందో ఆ మెరుపు చెప్పదు.

నేనుండేది ఇటలీలో, టోరినోలో. ఆవిరితో కాఫీ తీసే యంత్రానికి ఆంజెలో మొరియోండో 1884లో పేటెంటు తీసుకున్నది ఈ ఊళ్లోనే. ఆ తర్వాత కథ మిలానోకి మారింది. లుయీజి బెట్సేరా 1901లో తన యంత్రానికి పేటెంటు తీసుకున్నాడు. ఆ పేటెంటుని కొన్న దెసిదేరియో పావోని 1905లో లా పావోని కంపెనీ పెట్టాడు. అదే కంపెనీ 1961లో ఇంటి కోసం తెచ్చిన చిన్న లివర్ మెషీన్ పేరు యూరోపిక్కోలా. ఇప్పటికీ తయారవుతూనే ఉంది, రూపం పెద్దగా మారలేదు. అందుకే మొదటిసారి పాతది కొనాలనుకునేవాళ్లకి నేను ఇదే చెబుతాను: విడిభాగాలు దొరకని పాత మెషీన్ ఎంత అందంగా ఉన్నా అలమారలో బొమ్మే, దీనికి మాత్రం అన్నీ దొరుకుతాయి. గాజియా ఫ్యాక్టరీ అన్న పేరుతో కనిపించేది కూడా లోపల ఇదే మెషీన్, పేరు చూసి వదిలేయకండి. స్విట్జర్లాండ్ వాళ్ల ఒలింపియా క్రెమినా ఇంకా గట్టి మెషీన్, కానీ పాతదానికే కళ్లు తిరిగే ధర చెబుతారు. స్ప్రింగ్ ఉన్న ఎలెక్ట్రా మీక్రో కాజా చాలా బాగుంటుంది, అయితే స్ప్రింగ్ విప్పడం మొదటి మెషీన్ మీద నేర్చుకునే పని కాదు. యూరోపిక్కోలాలో స్ప్రింగ్ లేదు. మీ చెయ్యే స్ప్రింగు.

ఎక్కడ, ఏ తరం

ఇక్కడ పోర్టా పలాట్సో పక్కన బోర్గో డోరాలో ప్రతి శనివారం బాలోన్ అనే పాత సామాన్ల సంత జరుగుతుంది. నెలలో రెండో ఆదివారం గ్రాన్ బాలోన్, అది ఇంకా పెద్దది. ఆన్‌లైన్లో అయితే సుబితో సైట్. సంతలో అమ్మేవాళ్లకి చాలాసార్లు మెషీన్ గురించి ఏమీ తెలియదు, పాత ఇళ్లు ఖాళీ చేసేటప్పుడు వచ్చిన సామాను అది. అది మనకి మంచిదే. ఎవరూ చేయి పెట్టని మెషీన్, ఎవరో సగం విప్పి వదిలేసినదాని కన్నా ఎప్పుడూ మేలు. జాయింట్ల దగ్గర తెల్లటి టెఫ్లాన్ టేపు చుట్టలు చుట్టలుగా కనిపిస్తే లీకుని ఎవరో మూసిపెట్టారని అర్థం.

కొనే ముందు అది ఏ తరానిదో తెలియాలి, ఎందుకంటే సీళ్ల సైజు దాన్నిబట్టే ఉంటుంది. 2000 ప్రాంతం దాకా వచ్చినవాటిలో కాఫీ పొడి వేసే బాస్కెట్ 49 మిల్లీమీటర్లు. ఆ తర్వాత వచ్చిన మిలీనియం మోడళ్లలో 51. మిల్లీమీటర్లు కొలిచే వెర్నియర్ ఉంటే జేబులో వేసుకుని వెళ్లండి. పాతవాటిలోనూ రెండు రకాలున్నాయి. 1970ల మొదటి వరకు వచ్చినవాటిలో పిస్టన్ తిరిగే సిలిండర్‌ని గ్రూప్ (బాయిలర్ ముందు బిగించి ఉండే, కాఫీ దిగే భాగం) లోపలే తొలిచారు, విడి గొట్టం ఉండదు. తర్వాత వాటిలో ఇత్తడి స్లీవ్ విడిగా వస్తుంది. మొదటి రకానికి ప్రెషర్ కంట్రోల్ కూడా ఉండదు: రెండు స్థాయిల స్విచ్చులు, ఒక సేఫ్టీ వాల్వ్, అంతే. వాల్వ్ బుస్సుమనగానే మనమే మంట తగ్గించినట్టు కిందిస్థాయికి మార్చుకోవాలి. పొద్దున్నే నిద్రకళ్లతో కాఫీ పెట్టుకునేవాళ్లయితే ఒత్తిడిని తనంతట తానే అదుపుచేసే ప్రెషర్‌స్టాట్ ఉన్న తర్వాతి మోడలే కొనుక్కోండి.

యూరోపిక్కోలా బాయిలర్ 0.8 లీటర్లు, ప్రొఫెషనల్ అనే పెద్ద మెషీన్‌ది 1.6. ఇంట్లో ఇద్దరే ఉంటే చిన్నది చాలు, త్వరగా వేడెక్కుతుంది. పెద్దదానికి ప్రెషర్ గేజ్ ఉంటుంది, నేర్చుకునేటప్పుడు అది చాలా సాయం చేస్తుంది.

అమ్మేవాడి ముందు చేయాల్సిన పరీక్ష

మా నాన్నది రాజమండ్రిలో మోటార్ వైండింగ్ షాపు. ఏ పాత మోటారు తెచ్చినా స్విచ్ వేసే ముందు మీటర్ పెట్టేవారు. నేను కూడా సంతకి మల్టీమీటర్ తీసుకెళ్తాను. ఎవరూ తప్పుపట్టలేదు.

ముందు ప్లగ్ పిన్నుల మధ్య ఓమ్స్ చూడండి, మెషీన్ స్విచ్ ఆన్‌లో పెట్టి. 1000 వాట్ల హీటర్ అయితే 48 నుంచి 53 ఓమ్స్ మధ్య రావాలి. ఏమీ రాకపోతే హీటరో, స్విచ్చో, వైరో తెగింది. స్విచ్చూ వైరూ చిన్న ఖర్చు, హీటర్ పెద్ద ఖర్చు. ఏది పోయిందో తేలకపోతే హీటర్ పోయిందనుకునే బేరమాడండి. తర్వాత ఒక్కో పిన్నుకీ బాయిలర్ లోహానికీ మధ్య చూడండి. అక్కడ రీడింగ్ ఏమీ రాకూడదు. ఎర్త్ పిన్నుకీ బాడీకీ మధ్య మాత్రం సున్నాకి దగ్గరగా రావాలి. నీళ్లు లేకుండా ఆన్‌లో మర్చిపోతే ఈ హీటర్లు కాలిపోతాయి, పాత మెషీన్లకి ఎక్కువగా వచ్చే చావు అదే.

ఇక మెషీన్ని తలకిందులు చేయండి. కింద బేస్ చాలా వాటిలో ఇనుమే. అంచుల్లో కాస్త తుప్పు ఉంటే పర్వాలేదు, పొరలు పొరలుగా రేగితే బాయిలర్ కింది సీల్ ఏళ్ల తరబడి కారుతోందని తెలుస్తుంది. బాయిలర్ మీద సొట్ట ఉంటే వద్దు. నీళ్ల మట్టం చూపించే గాజు గొట్టం పగిలినా భయం లేదు, దొరుకుతుంది. జాయింట్ల దగ్గర పచ్చటి చిలుము ఉంటే అక్కడ లీకు ఉంది, అది సీల్‌తో పోతుంది. లివర్‌ని పైకి కిందికి కాకుండా పక్కకి కదిపి చూడండి. బాగా ఊగుతుంటే లివర్ పిన్నులు అరిగాయి. పిన్నులు చవకే, కానీ ఆ పిన్నులు దూరే లివర్ ఫోర్క్ రంధ్రాలు కోడిగుడ్డు ఆకారంలోకి సాగి ఉంటే లేత్ పని పడుతుంది. పోర్టాఫిల్టర్ (బాస్కెట్‌ని పట్టి ఉంచే పిడి), బాస్కెట్, మూత, డ్రిప్ ట్రే అన్నీ ఉన్నాయో లేదో లెక్కచూసుకోండి. విడిగా కొంటే ఇవన్నీ కలిపి మెషీన్ ధరలో సగం దాకా లాగేస్తాయి.

"పనిచేస్తుంది" అన్న మాటకి లైటు వెలుగుతుందనే అర్థం తీసుకోండి. అంతకుమించి ఇవ్వాల్సిన డబ్బు లేదు.

విప్పడం

కొన్న రోజే ఆన్ చేయాలని చెయ్యి లాగుతుంది. చేయకండి. పాత నీళ్లు, పాత సీళ్లు, ఎవరు బిగించారో తెలియని వైర్లు.

మెత్తటి తువ్వాలు పరిచి, ప్రతి దశలో ఫోన్‌తో ఫోటో తీసుకుంటూ విప్పండి. చిన్న సామాన్లకి నేను ఇడ్లీ ప్లేటు వాడతాను: విప్పిన వరసలో ఒక్కో గుంటలో ఒక్కో భాగం. బిగించేటప్పుడు వెనకనుంచి వస్తే చాలు. పట్టేసిన మరల మీద నూనె స్ప్రే కొట్టి రాత్రంతా వదిలేయండి. ఇత్తడి మెత్తటి లోహం, స్పానర్ మీద బరువు వేస్తే మర జారిపోతుంది.

గ్రూప్‌ని బాయిలర్‌కి పట్టి ఉంచేవి రెండు అలెన్ స్క్రూలు. అవి తీస్తే గ్రూప్ చేతిలోకి వస్తుంది. లివర్ పిన్నుల కొసల్లో ఉండే చిన్న క్లిప్పులు ఎగిరి పోతాయి, వేలు అడ్డం పెట్టి తీయండి. లివర్ తీశాక పిస్టన్ రాడ్‌ని కిందికి నెట్టండి. ముందు షవర్ స్క్రీన్ (నీళ్లని పొడి మీద చల్లే జల్లెడ) ఊడి పడుతుంది, దాని వెనకే పిస్టన్ వస్తుంది. స్క్రీన్ రాకపోతే దాని చుట్టూ ఉన్న గ్రూప్ రబ్బరు ఎండి పట్టేసిందన్నమాట. ఆ రబ్బరులోకి ఒక చిన్న చెక్క స్క్రూ సగం దాకా తిప్పి, ఆ స్క్రూని పట్టకారుతో లాగండి. ముక్కలు ముక్కలుగా వచ్చినా పర్వాలేదు. స్క్రూడ్రైవర్ కొసతో పక్కనుంచి తవ్వితే లోహం మీద గీత పడుతుంది, ఆ గీత గుండా కొత్త రబ్బరు కూడా కారుతుంది.

పిస్టన్ బయటికొచ్చాక ఒక్క నిమిషం ఆగి దాన్ని చూడండి. దాని మీద రెండు సీళ్లుంటాయి, పైన ఒకటి, కింద ఒకటి. ఒక్కోదానికీ ఒక పక్క పలచటి పెదవి ఉంటుంది, నీటి ఒత్తిడికి ఆ పెదవే విచ్చుకుని సిలిండర్ గోడకి ఆనుతుంది. పాతదాన్ని గోటితో నొక్కితే లోపలికి పోదు, కొమ్ములా గట్టిపడి ఉంటుంది. పెదవి అంచు గుండ్రంగా అరిగిపోయి, దాని గాడిలో కాఫీ నూనె నల్లటి లక్కలా పేరుకుని ఉంటుంది. లివర్ నొక్కినప్పుడు నీళ్లు పొడిలోకి పోకుండా పిస్టన్ పైకి ఎక్కడానికి కారణం ఇదే. తీసే ముందు రెండు పెదవులూ ఎటు తిరిగి ఉన్నాయో ఫోటో తీయండి. సరైన పద్ధతి: పై సీల్ పెదవి పైకి, కింది సీల్ పెదవి కిందికి. ఒకటి తిరగేసి పెట్టారంటే మెషీన్ కాఫీ చేస్తున్నట్టే నటిస్తుంది, ఒత్తిడి మాత్రం రాదు.

గ్రూప్ పైభాగంలో రాడ్ చుట్టూ ఉండే సీల్‌ని ఒక సర్‌క్లిప్ (గాడిలో కూర్చునే స్ప్రింగు రింగు) పట్టి ఉంచుతుంది. దానికి సర్‌క్లిప్ ప్లయర్ కావాలి, ఇంకేదీ పనికిరాదు. కాఫీ పెట్టేటప్పుడు లివర్ మొదట్లో నీళ్లు ఊరుతుంటే తప్పు ఈ సీల్‌దే. ఇత్తడి స్లీవ్ ఉన్న మోడల్ అయితే గ్రూప్‌ని మరిగే నీళ్లలో కాసేపు ఉంచి, గుడ్డతో పట్టుకుని స్లీవ్‌ని లాగండి. దాని చుట్టూ ఉన్న రింగు కూడా మార్చాలి.

బాయిలర్‌ని బేస్ నుంచి విప్పాలా? అక్కడ లీకు లేకపోతే, హీటర్ మంచిదైతే విప్పకండి. ఇది నా గట్టి అభిప్రాయం. ఏళ్లుగా కుదురుకున్న ఆ జాయింట్‌ని కదిలిస్తే ప్రత్యేకమైన స్పానర్, కొత్త సీల్, ఓ సాయంత్రం పోతాయి, వచ్చే లాభం లేదు. లీకు ఉండి విప్పాల్సివస్తే, 1980ల ముందు నాటి బూడిదరంగు పీచు గాస్కెట్లలో ఆస్బెస్టాస్ ఉండే అవకాశముందని గుర్తుంచుకోండి. వాటిని పొడిగా గీకకూడదు, తడిపి, మాస్కు పెట్టుకుని తీయాలి.

కడగడం

లోపల పట్టిన తెల్లటి ఉప్పు పొరకి మన కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పే మందు. లీటరు నీళ్లకి 30 గ్రాములు చాలు. విడిభాగాలని ఆ నీళ్లలో అరగంట ఉంచి, బ్రష్‌తో రుద్ది, కడిగి, అవసరమైతే మళ్లీ ముంచండి. రాత్రంతా వదిలేయకండి. ఇత్తడిలో జింకు కరిగి పోయి, పైన గులాబీరంగు రాగి తేలుతుంది, ఆ లోహం బలహీనం. బాయిలర్ లోపలికి కూడా ఇదే నీళ్లు పోసి, గోరువెచ్చగా చేసి, అరగంటకి పారబోసి, పుల్లటి వాసన పోయేదాకా మంచినీళ్లతో కడగాలి.

ఇత్తడి అనగానే మనవాళ్లకి చింతపండు గుర్తొస్తుంది. బయట తళతళలాడే ఇత్తడి మోడల్ కి వాడుకోండి. లోపలి భాగాలకి మాత్రం వద్దు, సన్న రంధ్రాల్లో పీచు ఇరుక్కుంటుంది. కాఫీ నూనెకి పులుపు పనిచేయదు. దానికి పూలీ కాఫ్ లాంటి కాఫీ మెషీన్ పౌడర్ వేడినీళ్లలో కలిపి, షవర్ స్క్రీన్, బాస్కెట్, పిస్టన్ నానబెట్టండి. నీళ్లు టీ రంగులోకి మారతాయి. క్రోమ్ పూతకి సబ్బు నీళ్లు, మెత్తటి గుడ్డ, అంతే. స్టీల్ పీచు పెట్టారంటే పూత పోతుంది.

బిగించడం

కొత్త సీళ్లని వేడినీళ్లలో కాసేపు వేస్తే మెత్తబడి సాగుతాయి. వేళ్లతోనే ఎక్కించండి. సిలిండర్ గోడకీ, పెదవులకీ ఆహారానికి పనికొచ్చే సిలికాన్ గ్రీజు పలచగా, మెరుపు కనిపించేంత మాత్రమే రాయండి. వాజెలిన్, బండి గ్రీజు వద్దే వద్దు. సీళ్లకి వాడే ఈపీడీఎం అనే రబ్బరు పెట్రోలియం తగిలితే ఉబ్బి పాడైపోతుంది. అలెన్ స్క్రూలు రెండూ ఒకదాని తర్వాత ఒకటి కొంచెం కొంచెంగా బిగించండి, లేకపోతే గ్రూప్ ఒక పక్కకి వాలి కూర్చుంటుంది.

వైర్ గట్టిపడి పగుళ్లిస్తే ఆలోచించకుండా వేడికి తట్టుకునే సిలికాన్ వైర్ వేయండి. గోధుమరంగు ఫేజ్, నీలం న్యూట్రల్, పచ్చ-పసుపు చారలది ఎర్త్. ఇటలీ మెషీన్ మన కరెంటుకి సరిగ్గా సరిపోతుంది కాబట్టి చాలామంది సెలవులకి వెళ్తూ ఇంటికి తీసుకెళ్తారు. అక్కడ ఒక ప్రమాదం ఉంది. యూరప్ ప్లగ్‌లోని గుండ్రటి పిన్నులు మన సాకెట్‌లో రెండు పిన్నులుగా దూరిపోతాయి, మెషీన్ పనిచేస్తుంది, ఎర్త్ మాత్రం తగలదు. తడిచేత్తో ముట్టుకునే లోహపు మెషీన్ అది. ప్లగ్ కోసేసి, మూడు పిన్నుల మన ప్లగ్ బిగించి, ఎర్త్ పిన్ను నుంచి బాయిలర్ దాకా మీటర్‌తో చూశాకే వాడండి. ఇంట్లో ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్) లేకపోతే ముందు అది పెట్టించండి.

మొదటిసారి వేడి చేయడం

ముందు చల్లటి నీళ్లు పోసి ఒక గంట అలా ఉంచి, కింద పొడి కాగితం పరచండి. చుక్క పడకపోతే ఆన్ చేయండి, పక్కనే కూర్చోండి. నీళ్లు గాజు గొట్టంలో కనిపించాలి, నిండుగా ఉండకూడదు, ఆవిరికి చోటు కావాలి. వేడెక్కాక స్టీమ్ వాల్వ్‌ని ఒకసారి తెరిచి లోపల చిక్కుకున్న గాలిని వదిలేయండి. అది ఉంటే గేజ్ ఒత్తిడి చూపిస్తుంది కానీ నీళ్లు ఇంకా వేడెక్కవు. కాఫీ పుల్లగా, పలచగా వచ్చి జనం పొడిని తిట్టుకునేది ఇక్కడే. గాలి పోయాక 0.8 బార్ దగ్గర బాయిలర్ నీళ్లు 117 డిగ్రీల దాకా ఉంటాయి. గ్రూప్ లోహం గుండా దిగేటప్పుడు ఆ వేడి తగ్గుతుంది. మొదటి రెండు కప్పులు బాగా వచ్చి మూడోది చేదెక్కితే గ్రూప్ మరీ కాలిపోయింది. తడిగుడ్డ చుట్టి చల్లార్చండి.

మూడు జాగ్రత్తలు మాత్రం ఇంట్లో అందరికీ చెప్పండి. ఒత్తిడి ఉండగా బాయిలర్ మూత తిప్పకూడదు. ఆపి, స్టీమ్ వాల్వ్ తెరిచి, బుస్సు పూర్తిగా ఆగాకే తెరవాలి. పోర్టాఫిల్టర్ లేకుండా లివర్ ఎత్తకూడదు, మరిగే నీళ్లు నేరుగా దిగుతాయి. కాఫీ అయిన వెంటనే పోర్టాఫిల్టర్ ఊడదీయకూడదు, లోపలి ఒత్తిడికి వేడి పొడి మొహం మీదికి ఎగురుతుంది.

కాఫీ

14 గ్రాముల పొడి, అప్పటికప్పుడు విసిరింది. దుకాణంలో దొరికే ఫిల్టర్ కాఫీ పొడి, ముఖ్యంగా చికోరీ కలిసింది, దీనిలో వేయకండి. చికోరీ నానితే బాస్కెట్ అడుగు మూసుకుపోతుంది, లివర్ కదలదు. మంచి హ్యాండ్ గ్రైండర్‌కి మెషీన్ మీద పెట్టినంత శ్రద్ధ పెట్టండి. అరకు అరబికా తాజాగా వేయించింది దొరికితే ఇందులో చాలా బాగుంటుంది. మా అమ్మ పంపిన గింజలతోనే నేను గ్రైండ్ ఎంత సన్నంగా ఉండాలో నేర్చుకున్నాను.

లివర్‌ని నిదానంగా పైకెత్తి ఆగండి. ఐదారు సెకన్లలో అడుగున మొదటి చుక్కలు తేలతాయి. అప్పుడు నొక్కడం మొదలుపెట్టి, ఒకే బలంతో 20-25 సెకన్లలో కిందికి తేవాలి. 9 బార్ ఒత్తిడి రావాలంటే పిస్టన్ మీద చాలా బలం పడాలి. లివర్ పొడవు వల్ల అందులో చిన్న వంతే మన చేతికి తెలుస్తుంది. లివర్ నీళ్లలోకి దిగినట్టు జారిపోతే పొడి ముతక. ఒళ్లంతా వేసినా కదలకపోతే పొడి మరీ సన్నం, అప్పుడు బలవంతపెట్టకండి, మెషీన్ మొత్తం మీదికి వాలుతుంది. రెండో చేత్తో ఎప్పుడూ బేస్ పట్టుకోండి.

నీళ్ల సంగతి. టోరినో కుళాయి నీళ్లు ఉప్పు వదులుతాయి కాబట్టి నేను సీసా నీళ్లు వాడతాను. ఇక్కడ ప్రతి సీసా మీద లీటరులో ఎన్ని మిల్లీగ్రాముల లవణాలున్నాయో ముద్రిస్తారు, తక్కువ ఉన్నది చూసుకుంటాను. హైదరాబాద్ బోరు నీళ్లయితే నెలల్లోనే హీటర్‌కి పొర పడుతుంది. అక్కడివాళ్లు ఆర్‌ఓ నీళ్లలో కొంచెం మంచినీటి కుళాయి నీళ్లు కలుపుకుంటే లోహానికీ రుచికీ మంచిది.

వాడకం రోజూ ఉంటే పిస్టన్ సీళ్లకి నెలల వ్యవధిలో ఒకసారి గ్రీజు రాయాలి. లివర్ గీరుకుంటున్నట్టు బరువుగా అనిపించడమే గుర్తు. సీళ్లు కొనేటప్పుడు రెండు సెట్లు తెప్పించుకుని, రెండోదాన్ని మూసిన కవరులో, ఎండ తగలని చోట, మీ మెషీన్ బాస్కెట్ సైజు పైన రాసి పెట్టుకోండి.